తలకిందుల గోపురం

హంపి వెళ్లొచ్చినవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది. విరూపాక్షాలయంలో గర్భగుడి వెనక వైపు కాస్త చీకటిగా ఉండే చోటు. గోడలో చిన్న కంత. అందులోంచి దూరివచ్చిన వెలుగు ఎదుటి గోడ మీద పడి, ఎక్కడో బయట తూర్పున ఉన్న తొమ్మిది అంతస్తుల రాజగోపురం ఇక్కడ తలకిందులుగా ప్రత్యక్షమవుతుంది. గైడు చెయ్యెత్తి చూపిస్తాడు. చూసినవాళ్లు ముందు నోరు తెరుస్తారు, తరవాత ఫోన్లు తెరుస్తారు.

నేను వెళ్లిన రోజున నా ముందున్న ఒకావిడ ఆ గోడను ఫొటో తీసి, అక్కడే ఎడిటింగ్‌లోకి వెళ్లి, బొమ్మను తిప్పి నిలబెట్టేసింది. "ఇదిగో, ఇప్పుడు సరిగ్గా ఉంది" అని పక్కనున్న కొడుక్కి చూపించింది. వాడికి ఏడెనిమిదేళ్లుంటాయేమో. "ఇందాకే బాగుంది మమ్మీ, బొంగరంలా ఉంది" అన్నాడు.

ఆవిడ చూసింది గోపురాన్ని, వాడు చూసింది బొంగరాన్ని. ఆవిడ భక్తిని తక్కువ చేయను గానీ, ఫ్రేము కుదిరేది మాత్రం వాడి కంటికే.

మనం దేన్ని తీస్తున్నామో మనకు మరీ బాగా తెలియడమే ఫొటోకు మొదటి అడ్డంకి. చార్మినార్ అనుకోగానే చార్మినారే కనిపిస్తుంది. అది నాలుగు నిలువు గీతలనీ, మధ్యలో విల్లులా ఒక వంపు ఉందనీ, ఆ వంపు చట్రంలో ఇరుక్కున్న ఆకాశానికి కూడా ఒక ఆకారం ఉందనీ తట్టదు. పెళ్లికూతురిని తీస్తుంటే పెళ్లికూతురే కనిపిస్తుంది. ఆమె జడ వెనక నుంచి మొలుచుకొచ్చిన ట్యూబులైటు, ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూసుకున్నాక గానీ కనిపించదు.

నల్లగుడ్డ కింద ఇంజినీరు

హంపి గోడ మీద జరిగేదే కెమెరాలోనూ జరుగుతుంది. వెలుగు తిన్నగా పోతుంది కాబట్టి, గోపురం కలశం నుంచి వచ్చిన కిరణం కంత దాటి గోడ కింది భాగాన పడుతుంది, పునాది నుంచి వచ్చింది పై భాగాన పడుతుంది. మన ఫోను లోపలా బొమ్మ తలకిందులుగానే పడుతోంది. మనకు చూపించే ముందు తిప్పి నిలబెడుతోంది, అంతే. పందొమ్మిదో శతాబ్దపు కెమెరాలకు ఆ మర్యాద తెలియదు. ముక్కాలి స్టాండు మీద పెద్ద పెట్టె, దాని వెనక గరుకు గాజు పలక, ఆ పలకనూ ఫొటోగ్రాఫర్ తలనూ కలిపి కప్పే నల్లగుడ్డ. ఆ గుడ్డ కింద నవాబుగారైనా సరే, వైస్రాయైనా సరే కాళ్లు పైకి పెట్టుకుని కనిపించాల్సిందే.

హైదరాబాదులో ఆ గుడ్డ కింద తల దూర్చినవాళ్లలో మొదట చెప్పుకోవాల్సిన పేరు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టారు. రూర్కీలో థామసన్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివారు. ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం చేస్తూ 1870ల్లో కెమెరా పట్టారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫర్‌ని చేసుకుని 'ముసవ్విర్ జంగ్' బిరుదిచ్చారు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, 1905లో కన్నుమూసేదాకా తీస్తూనే ఉన్నారు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం దగ్గర ఉన్నాయి.

ఈ వివరాలన్నిట్లో నా వేలు ఆగేది 'డ్రాఫ్ట్స్‌మన్' అన్న మాట దగ్గర. స్కేలు పెట్టి వంతెనలకూ భవనాలకూ గీతలు గీసిన చెయ్యి అది. ఆయన తీసిన ఫలక్‌నుమా చూడండి, చార్మినార్ చూడండి. నిలువు గీత నిలువుగానే నిలబడుతుంది. అదే మనం చార్మినార్ కింద నిలబడి ఫోను పైకెత్తి తీస్తే మినార్లు లోపలికి వాలిపోయి, నలుగురూ కూడబలుక్కుని గుసగుసలాడుతున్నట్టు ఉంటాయి. తప్పు మినార్లది కాదు. కెమెరా వెనక్కి వాలిందంటే నిలువు గీతలు పైకి పోయేకొద్దీ దగ్గరకొస్తాయి. ఆనాటి పెద్ద కెమెరాల్లో పెట్టెను వాల్చకుండానే లెన్సు బిగించిన పలకను మాత్రం పైకి జరుపుకునే వీలుండేది. ఫోనులో అది లేదు. మనకున్న సులువైన ఉపాయాలు రెండు: వెనక్కి నడవడం, లేదా ఎదుటి మేడ ఎక్కడం.

1902లో వరంగల్ ప్రాంతంలో నెక్కొండ దగ్గర లార్డ్ కర్జన్ పులిని కొట్టినప్పుడు దీన్‌దయాళ్ స్టూడియో తీసిన ఫొటో ఒకటి చాలామంది చూసే ఉంటారు. నేల మీద పులి పొడుగ్గా ఒక అడ్డగీత. దాని వెనక వైస్రాయి, ఆయన భార్య రెండు నిలువు గీతలు. పడిపోయింది ఎవరో, నిలబడింది ఎవరో చెప్పడానికి ఇంకేమీ అక్కర్లేదు. (పులి మీద నాకున్న జాలి వేరే సంగతి.) గాజు పలక మీద బొమ్మ తలకిందులుగా ఉన్నప్పుడు వైస్రాయి వైస్రాయిగా కనిపించడం మానేస్తాడు. పులి, మనుషులు, చెట్లు అన్నీ కాస్త చీకటి, కాస్త వెలుగు, కొన్ని గీతలు. వాటిని సర్దుకున్నాకే మూత తీసేది.

మన ఫోనులోనూ ఈ సుఖం దొరుకుతుంది. తీసిన ఫొటోను తలకిందులుగా పట్టుకుని చూడండి. ఫోను అతితెలివికి పోయి బొమ్మను మళ్లీ నిలబెట్టేస్తుంది కాబట్టి ముందు ఆటో రొటేట్ ఆపెయ్యండి. ఏ మూల బరువెక్కిందో, ఏ మూల ఖాళీగా ఏడుస్తోందో రెండు క్షణాల్లో తెలిసిపోతుంది. హెన్రీ కార్టియర్ బ్రెసన్ కూడా ఫొటోల్ని తలకిందులుగా తిప్పి చూసేవాడని ప్రసిద్ధి. ఆయనా మొదట బొమ్మలు వేయడం నేర్చుకున్నవాడే, ఆంద్రే లోత్ అనే చిత్రకారుడి దగ్గర. 1932లో ఫ్రాన్స్‌లోని ఇయేర్ పట్నంలో ఆయన తీసిన ఫొటోలో మెట్లు మెలితిరుగుతూ కిందికి దిగుతాయి, కింద వీధిలో ఒక సైకిలు మసకగా దూసుకుపోతుంది. ఆ సైకిలు మీద వెళ్లిందెవరో మనకు అనవసరం. మెట్ల సుడి లాగిన కన్ను వెళ్లి ఆగడానికి ఆ చోట ఏదో ఒకటి ఉండాలి, ఉంది.

పెదనాన్న నెత్తిన స్తంభం

గీత సంగతి నేను నేర్చుకున్నది మాత్రం ఏ ఫ్రెంచివాడి దగ్గరా కాదు, మా పెదనాన్న దగ్గర. కొత్తగా కెమెరా కొన్న రోజుల్లో, పొలం గట్టున ఆయన్ని నిలబెట్టి ఎంతో ప్రేమగా ఒకటి తీశాను. తెల్లటి పంచె, భుజాన కండువా, వెనక పచ్చటి వరిచేను. ప్రింటు వేయించి చేతికిస్తే కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి, "ఏరా, నా నెత్తిన కరెంటు స్తంభం నాటావేంట్రా?" అన్నారు. నిజమే. సరిగ్గా తల వెనక నుంచి స్తంభం లేచి, రెండు వైపులా తీగలు చెవులకు కట్టినట్టు సాగుతున్నాయి. రెండడుగులు పక్కకు జరిగి ఉంటే స్తంభం ఆయన పక్కన బుద్ధిగా నిలబడేది. ఆ ఫొటో మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఆయనే లేరు.

కళ్లతో చూసేటప్పుడు స్తంభం ముప్పై అడుగుల వెనక ఉందని మెదడుకు తెలుసు. కాగితానికి తెలియదు. కాగితం మీద దూరం ఉండదు, ముందుదీ వెనకదీ ఒకే పలక మీద అతుక్కుంటాయి. అందుకే ఎవరిని తీసినా ముందు వాళ్ల ముఖం కాదు, ముఖం అంచు చుట్టూ చూడాలి. తలను ఏ గీతైనా కోస్తోందా? మెడ దగ్గర గోడ అంచు కత్తిలా ఆనుతోందా? కోస్తుంటే మనుషుల్ని జరపక్కర్లేదు, మనం జరిగితే చాలు.

గీతలకు స్వభావాలుంటాయి. అడ్డగీత పడుకుంటుంది, నిలువు గీత నిలదొక్కుకుంటుంది, ఏటవాలు గీత ఉన్నచోట ఉండదు. కోనసీమలో తుపాను లేని మామూలు రోజున కూడా కాలువ గట్టున కొబ్బరిచెట్లు ఎందుకంత హడావిడిగా కనిపిస్తాయంటే, అవి వాలి ఉంటాయి కాబట్టి. అక్కడే వంతెన మీద నిలబడి కాలువ పొడుగునా చూడండి. రెండు గట్లూ పోయి పోయి దూరంగా ఒక చోట ముడిపడతాయి. చూసేవాడి కన్ను చెప్పకుండానే ఆ ముడి దగ్గరికి వెళ్తుంది. వెళ్లాక అక్కడేమీ లేకపోతే చిన్నబుచ్చుకుని వెనక్కి వచ్చేస్తుంది. చుట్టాన్ని పిలిచి ఇంటికి తాళం వేసినట్టు ఉంటుంది అది. ఒక పడవ వచ్చేదాకా, సైకిలు మీద ఒక మనిషి గట్టెక్కేదాకా ఆగడం ఫొటోగ్రాఫర్ పనిలో సగం. ఇదే గీతల మోజుతో రైలు పట్టాల మధ్య నిలబడి తీసుకునేవాళ్లకు మాత్రం ఒక్కటే మాట: వద్దు. ప్రాణానికి ప్రమాదం, చట్టానికి విరుద్ధం. పైగా ఆ ఫొటో ఇప్పటికే లక్షమంది తీసేశారు.

చార్మినార్‌కు ఉత్తరంగా గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడితే చుట్టూ నాలుగు కమాన్లు. దక్షిణం వైపు కమాను లోంచి చూస్తే చార్మినార్ దాని వంపులో ఒదుగుతుంది, చార్మినార్ వంపులోంచి మళ్లీ అవతలి ఆకాశం. కమాను అంచుల చీకటి చూపును బయటికి పోనివ్వదు. 1591లో చార్మినార్ కట్టినవాళ్లకూ, ఆ వెంటనే ఈ కమాన్లు నిలబెట్టినవాళ్లకూ కెమెరా సంగతి తెలియకపోవచ్చు గానీ ఫ్రేము సంగతి బాగా తెలుసు. వరంగల్ కోటలో కాకతీయుల తోరణాలూ ఇంతే. నాలుగు దిక్కులా నాలుగు రాతి చట్రాలు. అక్కడికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తోరణం ముందు నిలబడి తోరణాన్ని తీసుకుని వచ్చేస్తారు. తోరణంలోంచి ఏం కనిపిస్తుందో చూసేవాళ్లు తక్కువ.

గడ్డి టోపీ కదలకూడదు

ఆకారం గురించి చెప్పాల్సి వస్తే 1907 నాటి ఒక ఓడ దగ్గరికి వెళ్లాలి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ కుటుంబంతో ఐరోపాకు బయల్దేరాడు, మొదటి తరగతి టికెట్టు మీద. ఆ పైతరగతి మనుషుల మధ్య ఊపిరాడక నడుచుకుంటూ డెక్కు చివరికి వెళ్లి కిందికి తొంగిచూశాడు. చవక టికెట్ల జనం కిటకిటలాడుతున్నారు. పై డెక్కు మీద గుండ్రటి గడ్డి టోపీ పెట్టుకున్న ఒకతను కమ్మీ మీద వాలి కిందికి చూస్తున్నాడు. ఎడమకు వాలిన పొగగొట్టం, కుడివైపు మెట్లు, మధ్యలో తెల్లటి నడవా వంతెన, ఒకతని వీపు మీద ఇంటూ గుర్తులా దాటిన తెల్ల పట్టీలు. ఆయన చేతిలో కెమెరా లేదు. క్యాబిన్‌కు పరుగెత్తాడు. దారంతా ఒకటే బెంగ: ఆ గడ్డి టోపీవాడు కదిలిపోతే? పట్టీల మనిషి తిరిగిపోతే? తిరిగొచ్చేసరికి ఎవరూ కదల్లేదు. చేతిలో మిగిలి ఉన్నది ఒక్క గాజు పలక. దాని మీద పడిందే 'ది స్టీరేజ్'.

జనాన్ని చూసి జాలిపడినవాడైతే జనాన్ని తీసేవాడు. ఆయన బెంగంతా టోపీ గురించి. నిర్దయగా అనిపిస్తుంది. కానీ ఆ గుండ్రటి తెల్లమచ్చ అక్కడ ఉండబట్టే మన కన్ను అతని చూపు వెంట కింది జనంలోకి జారుతుంది. ఆకారం కుదిరితేనే జాలి మనదాకా వస్తుంది. ఈ మాట మీద నాతో గొడవపడ్డ మిత్రులున్నారు. నేను మాత్రం మార్చుకోలేదు.

ఆకారాన్ని చూడ్డం నేర్చుకోవాలంటే సులువైన బడి ఎండకు ఎదురుగా నిలబడటం. పొద్దున్నే లాడ్ బజార్ మొగలో నిలబడి తూర్పుకు తిరగండి. సూర్యుడు చార్మినార్ వెనక ఉంటాడు. సున్నపు పూతలు, అల్లికలు, గడియారం, మురికి, పావురాల రెట్టలు అన్నీ మాయమై అంచు మాత్రం మిగులుతుంది, నల్ల కాగితం కత్తిరించి ఆకాశానికి అంటించినట్టు. ఫోను స్క్రీన్ మీద వెలుగున్న చోట వేలితో తాకి కాస్త కిందికి జరిపితే చాలు, చీకటి చిక్కబడుతుంది. ఇప్పుడు దాని ముందు నుంచి వెళ్లే మనిషినీ అంచుతోనే చదవాలి. తల మీద బుట్ట ఉన్నవాడు, సైకిలు తోసుకుపోయేవాడు, చెయ్యి పట్టుకుని నడిచే తల్లీబిడ్డా. ఇద్దరి మధ్య వెలుతురు సందు ఉంటే ఇద్దరు. సందు పూడిపోతే రెండు తలల వింత జంతువు. ఖాళీకి కూడా ఆకారం ఉందని అక్కడ నిలబడి అరగంట చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

బొడ్డు నుంచి చూడొద్దన్నాడు

చూసే చోటు గురించి అందరికంటే గట్టిగా పోట్లాడినవాడు రష్యాలో అలెగ్జాండర్ రోడ్చెంకో. ఆ రోజుల్లో కెమెరాను పొట్ట దగ్గర పట్టుకుని పైనుంచి తొంగిచూస్తూ తీసేవాళ్లు. ప్రపంచమంతా బొడ్డు ఎత్తు నుంచే కనిపిస్తోందనీ, పైనుంచీ కిందినుంచీ చూస్తే గానీ కొత్త నగరం కనిపించదనీ 1928లో ఆయన పత్రికకెక్కి వాదించాడు. బాల్కనీల కింద నిలబడి నిట్టనిలువుగా పైకి తీశాడు, మేడల మీద నుంచి కిందికి తీశాడు. చూసినవాళ్లు వంకలు పెట్టారు, తిట్టారు. ఇప్పుడు మనం బొడ్డు వదిలి కంటి ఎత్తుకు వచ్చాం. అక్కడే ఆగిపోయాం. అయిదడుగుల ఎత్తులో నిలబడి చేతులు చాపి తీయడం. చంటిపిల్లల ఫొటోల్లో నడినెత్తి కనబడటానికి కారణం అదే. మోకాళ్ల మీద కూర్చుంటే వాళ్ల కళ్లు దొరుకుతాయి.

దగ్గరా దూరమూ కూడా చూసే చోటే. అమ్మమ్మను అడుగున్నర దూరం నుంచి తీస్తే ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి. ఆ నేరం లెన్సుది అంటారు గానీ, దూరానిది. నాలుగడుగులు వెనక్కి వెళ్లి, ఫోనులో 2ఎక్స్ నొక్కి తీయండి. అమ్మమ్మ అమ్మమ్మలా ఉంటుంది.

ఈ సంగతులన్నీ మన వాకిట్లోనే ఉన్నాయని నాకు ఆలస్యంగా తెలిసింది. ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున మా అమ్మ ముగ్గు వేస్తోంది. కళ్లాపి జల్లిన నేల ఇంకా తడిగా నల్లగా ఉంది. ముందు చుక్కలు పెట్టింది, వరసలు తప్పకుండా. ఫోను సెట్టింగ్స్‌లో గ్రిడ్ అని ఒకటుంటుంది చూశారా, తెరను తొమ్మిది గళ్లుగా విడగొట్టేది. మూడో వంతు సూత్రం అంటారు దాన్ని. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడి పుస్తకంలో ఆ పేరు మొదట కనిపిస్తుంది. మా అమ్మకు స్మిత్ తెలియదు, చుక్కలు తెలుసు. చుక్క గీతను పట్టుకోదు, గీత ఎటు తిరగాలో చెబుతుంది, అంతే. గ్రిడ్‌ను కూడా అలా వాడుకుంటేనే బాగుంటుంది. ప్రతి ముఖాన్నీ తీసుకెళ్లి గళ్ల మూలకు తగిలించేవాళ్లను చూస్తే నాకు చుక్కలు కలపకుండా వదిలేసిన ముగ్గు గుర్తొస్తుంది.

నిలబడి ఒకటి తీశాను. గుండ్రటి ముగ్గు కోడిగుడ్డులా సాగిపోయింది. ఏటవాలుగా చూస్తే వృత్తం వృత్తంగా ఉండదు మరి. స్టూలు తెచ్చి, ఎక్కి, ఫోనును నేలకు సమానంగా పట్టుకుని ఇంకోటి తీశాను. ఈసారి ముగ్గు సరిగ్గా వచ్చింది, కాగితం మీద అచ్చు వేసినట్టు. కానీ అమ్మ లేదు. ఒక మూల కొంగు చివర, అంతే. మూడోసారి పొట్ట నేలకానించి పడుకున్నాను. ఫోనులో లెన్సు పై అంచున ఉంటుంది కదా, మామూలుగా పట్టుకుంటే ఎంత వంగినా అది నేలకు జానెడు ఎత్తులోనే ఉంటోంది. ఫోనును తలకిందులు చేశాను. లెన్సు నేలకు వేలెడు ఎత్తుకు వచ్చింది.

అప్పుడు కనిపించింది. ముగ్గు గీత నా ముందు చిన్న గట్టులా ఎత్తుగా ఉంది, పిండి పలుకులు విడివిడిగా. అక్కడి నుంచి మెలికలు తిరుగుతూ సన్నబడుతూ పోయి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జారుతున్న పిండి ధార దగ్గర ఆగింది. ఆ చేతి వెనక అమ్మ ముఖం మసకగా, వంగి. గీతను గీస్తున్న చోటికే గీత నన్ను తీసుకెళ్లింది. "లేరా, ముగ్గు చెరిపేట్టున్నావు" అంది అమ్మ. ఒకే ముగ్గు, ఒకే మనిషి, అయిదు నిమిషాల తేడా లేదు. మూడు ఫొటోల్లో ఇంట్లో ఫ్రేము కట్టించింది మూడోదాన్నే.

ఎండ సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. చార్మినార్ నాలుగు ముఖాలూ నాలుగు దిక్కులకు ఉంటాయి. మార్చి, సెప్టెంబరు నెలల మూడో వారం చివర, అటూఇటూగా సూర్యుడు తిన్నగా తూర్పున ఉదయిస్తాడు. ఆ రోజుల్లో లాడ్ బజార్ వైపు నుంచి చూస్తే దాదాపు చార్మినార్ వెనక నుంచే లేస్తాడు. వెళ్తే ఏడు లోపే వెళ్లండి. ఆ తరవాత పొద్దు పైకెక్కి నల్ల బొమ్మ చెదిరిపోతుంది, తోపుడు బళ్లు కూడా వచ్చేస్తాయి.